నా నాలుక, అవ్వ చెవులు

నాకు చక్కెర వ్యాధి ఉందని నాకంటే ముందు మా బడి పిల్లలే కనిపెట్టారు. జబ్బు పేరు వాళ్ళకేం తెలుసు గాని, డ్రిల్లు సారుకు ఏదో అయిందని మాత్రం పట్టేశారు. అది 1975 ఎండాకాలం. వర్ధన్నపేటలో ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. ఇల్లు వరంగల్‌లో, రోజూ బస్సు మీద పోయి రావడం. కబడ్డీలో కూతకు పోతే ఒక్క ఊపిరిలో అవతలి జట్టును చుట్టి వచ్చేవాణ్ణి. నా గొప్ప నేనే చెప్పుకుంటే బాగుండదు. కాని చెప్పకపోతే నేను పోగొట్టుకున్నదేమిటో మీకు తెలియదు. ఆ ఏడు పిల్లలకు ఆడి చూపిద్దామని గీత దాటానో లేదో, కూత తెగిపోయింది. మళ్ళీ పోయాను, మళ్ళీ తెగింది. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండి అందరినీ గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు ఉరికించాను.

అప్పటికే నెల రోజులుగా దాహం. బడి కుండలో నీళ్ళు సగం నేనే ఖాళీ చేసేవాణ్ణి. నిక్కరు జారిపోతుంటే నాడా బిగిస్తూ పోయాను. ఇదంతా ఎండ వల్లేనని తీర్మానించుకున్నాను. మగవాళ్ళం ఏ జబ్బునైనా ముందు ఎండకు, తరువాత నీళ్ళకు, ఆఖరికి పెళ్ళాం వంటకు అంటగడతాం.

ఇప్పుడు 1988. చెడ్డకాలం దాటింది. నడుస్తున్నాను, కుడి చెయ్యి వణికినా అక్షరం చదివేటట్టే పడుతోంది. మాత్ర వేసుకుని ఒళ్ళు వంచి పనిచేసే వాళ్ళకు ఇది పనికొస్తుంది, రాయమని మా ఆవిడ సరోజన అంటుంది. నాకు అంత పరోపకార బుద్ధి లేదు. ఒక మాట చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన వేళ చెప్పలేదు. ఆ బరువు దించుకోవడానికి రాస్తున్నాను.

నన్ను డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టి లాక్కుపోయింది మా అవ్వ. మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. ఆమె పేరు కొమురవ్వ. నాకు మూడేళ్ళప్పుడు మా నాయిన చనిపోతే, మార్కెట్లో మిర్చి తొడిమెలు తీసి నన్ను చదివించింది. ఆ ఘాటుకు ఆమె కళ్ళు చివరిదాకా ఎర్రగానే ఉండేవి. చెవులు మాత్రం పాము చెవులు. మూడిళ్ళ అవతల పాలు పొంగితే మా వాకిట్లోంచి కేకేసేది.

బజారులో చిన్న క్లినిక్. మొదటి రోజు మూత్రం పరీక్షకు తీసుకుని, చక్కెర వ్యాధేమో చూసి చెబుతానని డాక్టరు మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు. బల్ల మీద మాకంటే ముందు వచ్చి కూర్చున్నవాళ్ళంతా బొర్రలున్న షావుకార్లు. బక్కచిక్కిన నన్ను ఎగాదిగా చూసి ఒకాయన, "నీకెట్ల వచ్చింది తమ్మీ? గిది మా అసొంటోళ్ల బీమారి గద!" అన్నాడు. వాళ్ళ ఆస్తిలో నేను వాటాకు వచ్చినట్టు ఆయన మొహం చిన్నబోయింది. అవ్వకు కోపం వచ్చింది. "నా కొడుకు ఉరికేటోడు, ఎగిరేటోడు. గిది వానికి రాదు. డాక్టరు ఒట్టిగనె పిలిచిండు" అని ఆయనకు గట్టిగా చెప్పింది.

లోపల డాక్టరు సారు ఏవేవో అడిగి, చివరికి "ఏం చేస్తావు?" అన్నాడు.

"టీచర్ని సార్" అన్నాను.

డ్రిల్లు అనే మాట మింగేశాను. ఆ రోజుల్లో డ్రిల్లు మాస్టరంటే బళ్ళో గంట కొట్టే వాడి తరువాతి లెక్క. తలుపు తెరిచే ఉంది, బయట షావుకార్లు వింటున్నారు. అంతే కారణం, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఆయన కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే మనిషికి ఎంత మందు కావాలో అంత మందు రాశాడు. అందులో ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు.

బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో అవ్వ ఆగింది. "టీచర్ని అంటివి. డ్రిల్లు అని చెప్పకపోతివేందిరా?"

"డ్రిల్లు టీచరు టీచరు కాదా ఏంది? అన్నిట్ల అడ్డం రాకు, ఊకో."

నేను మింగేసిన మాటను కూడా ఆమె విన్నది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత గుర్తుకొచ్చింది.

మాత్ర మొదలుపెట్టిన నెలకే దాహం పోయింది. బుగ్గలు నిండాయి. రోజూ పొద్దున గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచి చూసుకోవాలి. నీలంగానే ఉంటే ఒంట్లో చక్కెర అదుపులో ఉన్నట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం పెరిగినట్టు, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగు వస్తే మరీ ఎక్కువ. అవ్వకు చదువు రాదు గాని ఈ రంగుల చదువు వారంలో వచ్చేసింది. నీలం వస్తే ఆ పూట వీధంతా చెప్పేది. "ఇయ్యాల నా కొడుకుది నీలం!" అని ఆమె అరుస్తుంటే నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి.

కొడుకుకు నయమయ్యేదాకా ఇంట్లో చక్కెర పలుకు ఉండదని కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంది కూడా. ఇల్లంతా చప్పటి చాయ్. బెల్లం కూడా బందు. మా ఇంట్లో ఒకసారి చాయ్ తాగిన చుట్టం మళ్ళీ ఏడాది దాకా ఈ వైపు చూసేవాడు కాదు. అందుకు సరోజన లోలోపల సంతోషించిందని నాకు ఇప్పటికీ అనుమానమే.

కానీ గ్రౌండులో నా పని వేరేగా ఉంది. పొద్దున మాత్ర వేసుకుని, బస్సెక్కి, రెండు క్లాసులకు డ్రిల్లు చెప్పి మూడోదానికి వచ్చేసరికి చేతులు వణికేవి. ఎండలో చల్లటి చెమట. కడుపులో ఆకలి అనడానికి లేదు, అది ఆకలి కాదు, లోపల ఎవరో అన్నీ ఊడ్చేసుకుపోతున్నట్టు. కారణం లేకుండా కోపం. ఈల తీసి నేలకు కొట్టాను ఒకసారి. మూడు రౌండ్లు ఉరికే మనిషికి ఒక్క రౌండుకే కాళ్ళు తేలిపోయేవి. జబ్బు నా ఊపిరి తీసుకుంది, మందు నా కాళ్ళు తీసుకుంది అనుకున్నాను. ఆట ఉన్న రోజు దొంగతనంగా మాత్ర మానేసి చూశాను. రెండు రోజులు మానితే దాహం తిరిగొచ్చింది, కూత తెగింది. వేసుకుంటే వణుకు, మానేస్తే దాహం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దీన్ని విప్పింది డాక్టరు కాదు, ఆయన దగ్గర మందులిచ్చే కంపౌండరు ఖాదర్ భాయి. 1977లో ఒకనాడు మాత్రలు పొట్లం కడుతూ మాట వరసకు అడిగాడు.

"మాస్టర్ సాబ్, మీరు బడిల ఏం చెప్తరు? లెక్కలా, తెలుగా?"

"డ్రిల్లు" అన్నాను చిన్నగా.

ఆయన పొట్లం కట్టడం ఆపేశాడు. "అరె, మీరు ఉరుకుతరా? డాక్టర్ సాబుకు చెప్పిన్రా మరి?"

నేను నేల చూపులు చూశాను.

"గోలీకి ఏమెరుక మాస్టర్ సాబ్, మీరు కూసున్నరో ఉరుకుతాన్రో? అది చక్కెరను తగ్గిస్తది. ఉరుకుడు కూడ తగ్గిస్తది. రెండు కలిస్తె మనిషి కింద పడ్తడు. ఉరికేటందుకు ముందు కడుపుల ఇంత ఏసుకోండ్రి. జేబుల చక్కెర పెట్టుకోండ్రి. వణుకు రాంగనె నోట్లె పోసుకోండ్రి. దీంట్ల షరం ఏం లేదు, సిగ్గువడకుండ్రి."

తన చాయ్ డబ్బాలోంచి గుప్పెడు చక్కెర తీసి కాగితంలో కట్టి నా జేబులో ఆయనే పెట్టాడు. డాక్టరు సారుకు కూడా ఆయనే చెప్పాడు. సారు నన్ను బాగా తిట్టి, డ్రిల్లు ఎక్కువున్న రోజు సగం మాత్ర చాలన్నాడు. "ఆట రోజు మాత్రం నిండు మాత్ర వేసుకోకు" అని రెండుసార్లు చెప్పాడు. ఆ తరువాత మూడేళ్ళు మంచి ఏళ్ళు. పాత ఊపిరిలో ముప్పాతిక తిరిగొచ్చింది. పిల్లలు నవ్వడం మానేశారు.

ఒక్క చిక్కు వచ్చింది. బట్టలుతుకుతుంటే నా చొక్కా జేబులో చక్కెర పొట్లం అవ్వ చేతికి చిక్కింది. మోరీలో పారబోసి, ఖాళీ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"దొంగతనంగ తింటానవా బిడ్డా? నీ కోసం నేను తీపి ముట్టక రెండేండ్లాయె."

"అవ్వా, అది తినేటందుకు కాదు. నీకు తెల్వది, ఊకో."

పావుగంట కూర్చోబెట్టి చెబితే అర్థం కాని మనిషి కాదు. రంగుల చదువు వారంలో నేర్చిన మనిషి. ఎక్కువైతేనే కాదు, తక్కువైనా ప్రమాదమేనని, ఆ తక్కువను నీలం రంగు చెప్పదని, అప్పుడు ఆ చక్కెరే మందని చెబితే సరిపోయేది. పిల్లలకు ఒక్క ఆసనం రావడానికి నెల రోజులు చెప్పేవాణ్ణి, కన్నతల్లికి ఓపిగ్గా నాలుగు మాటలు చెప్పలేదు. పొట్లాన్ని బళ్ళో నా బల్ల సొరుగులోకి మార్చాను. ఇల్లు చక్కెర లేకుండానే మిగిలింది.

1980 చలికాలం. బడిలో ఆటల పండగ. పంతుళ్ళకూ పదో తరగతి పిల్లలకూ కబడ్డీ. ముందురోజు ములుగులో ఒక పెళ్ళికి పోయి, ఆకులో వడ్డించిన తీపిని చూసి ఆగలేకపోయాను. పొద్దున గొట్టంలో ఇటుక రంగు వచ్చింది. అవ్వ చూస్తే ఏడుస్తుందని గబగబా పారబోశాను. భయంతో నిండు మాత్ర మింగాను. ఆట రోజు అని తెలుసు, రెండుసార్లు చెప్పించుకున్న మాట గుర్తుంది, అయినా మింగాను. ఒక సర్వపిండి ముక్క తిని బస్సెక్కాను.

ఆ రోజు నా కూత తెగలేదు. ఐదేళ్ళ తరువాత మొదటిసారి, ఒక్క ఊపిరి, ఈ గీత నుంచి ఆ గీత దాకా. ఇద్దరిని తాకి, మూడోవాడు నడుం పట్టుకున్నా లాక్కొచ్చి గీత మీద పడ్డాను. పిల్లలు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. మందూ ఊపిరీ కలిసి ఉండగలవని, నా ఒళ్ళు నాకు తిరిగొచ్చిందని ఆ భుజాల మీద కూర్చుని అనుకున్నాను. ఆ సంబరంలో అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. సొరుగులో పొట్లం సొరుగులోనే ఉంది.

ఆడినప్పుడు ఏమీ కాలేదు. అంతా తరువాత అయింది. బస్సులో కిటికీకి తల ఆన్చి కూర్చున్నాను, దారిలో ఊళ్ళు తెలియలేదు. బస్సు దిగి నడుస్తుంటే బజారు చప్పుడు దూరంగా వినబడింది. సరోజన తొర్రూరులో వాళ్ళ అమ్మకు ఒంట్లో బాగాలేదని పోయి ఉంది, సాయంత్రం బస్సుకు రావాలి. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. గడప మీద కూర్చుండిపోయాను.

"చక్కెర" అన్నాను.

నాకు బాగా తెలుసు, నేను అడిగింది చక్కెరే. నా తలలో ఆ మాట స్పష్టంగా ఉంది.

"ఏమైంది బిడ్డా?" అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"చక్కెర... చక్కెర..."

"చక్కర్ వస్తాందా? వస్తది మరి, పొద్దంత ఎగిరితివాయె. లే, జర మంచంల పండుకో."

మా దగ్గర కళ్ళు తిరగడాన్ని చక్కర్ అంటారు. పుట్టిన దగ్గరనుంచి వింటున్న మాట. నేను తల అడ్డంగా ఊపానని అనుకుంటున్నాను. ఊపానో లేదో. అవ్వ నన్ను మోసుకున్నట్టే తీసుకుపోయి నులక మంచం మీద పడుకోబెట్టింది. చక్కర్ వస్తే మా ఇళ్ళలో ఏం చేస్తారో అదే చేసింది. మజ్జిగలో ఉప్పు కలిపి తాగించింది, మొహాన నీళ్ళు చల్లింది, విసనకర్రతో విసిరింది. నేను కళ్ళు మూసుకోగానే నిద్ర పట్టిందని సంతోషించి, వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళను ఆపింది. "నా కొడుకు పండుకున్నడు, సప్పుడు జెయ్యకుండ్రి" అని మూడు గంటలు నాకు కావలి కాసింది.

సాయంత్రం సరోజన వచ్చి నా మీద చెయ్యేసి చూసింది. చలికాలంలో చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు ఉందట. పళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయట. రిక్షాలో నా తల ఒళ్ళో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. అవ్వ వెనుక ఉరుకుతూనే వచ్చిందట, చెప్పుల్లేకుండా.

రెండు రోజులు నాకు ఏమీ తెలియదు. సరోజన చెప్పినవే చెబుతున్నాను. అవ్వ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, తెల్లకోటు ఎవరిది కనబడ్డా లేచి నిలబడేదట. ములుగు అడవి పల్లె నుంచి భర్తను తెచ్చుకున్న ఒకామె తన గిన్నెలో మక్క గట్క, అంటే మొక్కజొన్న సంకటి, సగం తీసి అవ్వ నోట్లో పెట్టిందట. "నువ్వు పడిపోతె నీ కొడుకును ఎవరు చూస్తరే అక్కా" అని తిట్టి మరీ తినిపించిందట. ఆమె భర్త బతికి ఇల్లు చేరాడో లేదో మాకు తెలియదు. ఆమె పేరు కూడా అడగలేదు.

కళ్ళు తెరిచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు చెప్పిన మాట వినడం లేదు. నాలుక నోట్లో అడ్డంగా పడుంది. మాట్లాడితే ముద్దముద్దగా వస్తోంది. నాకు ముప్పై రెండేళ్ళు. ఈల ఊదితే ఐదు వందల మంది పిల్లలు నిలబడిపోయే నా నోట, 'నీళ్ళు' అనే మాట రావడానికి ఆ పొద్దంతా పట్టింది. గోడవైపు తిరిగి ఏడ్చాను.

నాలుగో రోజు అక్కడి డాక్టరు మంచం పక్కన కూర్చుని ఏం జరిగిందని అడిగాడు. సరోజన మందులకు పోయింది, అవ్వ వరండాలో ఉంది. నేను మాటలు కూడగట్టుకుని, చక్కెర అడిగితే మా అవ్వకు వేరేగా వినబడిందని చెప్పాను.

ఆయన తల ఊపాడు. "ఆమెకు సరిగ్గానే వినబడి ఉంటుంది మాస్టర్. చక్కెర అంతగా పడిపోతే నాలుక తిరగదు. నువ్వు అనుకున్నది ఒకటి, నీ నోట్లోంచి వచ్చింది ఒకటి. ఆమె మీద కోపం పెట్టుకోకు. ఇంటికి పోయినాక ఆమెకు చెప్పు, లేకపోతే పెద్దమనిషి కుమిలిపోతుంది."

ఆయన లేచి పోయాక అవ్వ లోపలికి వచ్చింది. "డాక్టరేమన్నడు బిడ్డా?"

నేను ఆమెను చూశాను. చచ్చుబడిన నా చేతిని చూసుకున్నాను. నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరో ఒకరి మీద పడాలి ఆ కోపం.

"నీ చెవులు పాడువడ్డయ్" అన్నాను.

నా మాట ఆమెకు తెలియలేదు. దగ్గరికి వంగింది. "మల్ల చెప్పు బిడ్డా."

మళ్ళీ చెప్పాను. అప్పుడూ తెలియలేదు. ఆమె నా నోటి దగ్గర చెవి పెట్టింది. అప్పుడైనా ఆపి ఉండొచ్చు. మూడోసారి ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని చెప్పాను. "నీ చెవులు పాడువడ్డయ్. చక్కెర అంటె చక్కర్ అంటివి. నువ్వే నన్ను గిట్ల జేసినవ్."

ఈసారి ఆమెకు తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది.

ఆరు నెలలకు లేచి నిలబడ్డాను. హెడ్మాస్టరు మంచివాడు, నౌకరి పోకుండా చూసి లైబ్రరీలో కూర్చోబెట్టాడు. ఆనాడు డాక్టరుతో నేను చెప్పుకున్న కుర్చీ మనిషిని ఇప్పుడు నిజంగానే అయ్యాను. కొత్త డాక్టరు మాత్ర మార్చాడు, పొద్దున నడవమన్నాడు. మొదటి రోజు మా వాకిలి నుంచి కరెంటు స్తంభం దాకా, అంతే. నెల తరువాత రెండు స్తంభాలు. నడిచేముందు ఏదైనా తినడం, తిరిగి రాగానే కూర్చుని ఒంటిని గమనించుకోవడం, వారానికి ఒక స్తంభం కంటే పెంచకపోవడం. అలా మూడేళ్ళకు మైలు నడిచాను. ఉరకడం మాత్రం రాలేదు, కూత రాలేదు. మా ఇంటి పక్క పిల్లలు ఆడుకుంటూ కూత పెడితే ఇప్పటికీ తలుపు వేసుకుంటాను.

ప్రతిరోజూ అవ్వ నా పక్కనే నడిచేది. మొక్కు తీసేసుకుని, చక్కెర సీసా గూట్లో ముందర పెట్టింది. నేను నోరు విప్పితే చాలు, వంగి, "ఏమంటివి బిడ్డా? మల్ల చెప్పు" అనేది. 'అన్నం పెట్టు' అన్నా, 'తలుపెయ్యి' అన్నా అదే. ముందు నా మాటకే అనుకున్నాను. నా నాలుక చాలావరకు సర్దుకున్నాక కూడా మానలేదు. సరోజననూ అలాగే అడిగేది, పాలమ్మే ఆమెనూ అడిగేది. హనుమకొండలో చెవుల డాక్టరుకు చూపిస్తే, ఈ వయసులో ఇంత మంచి చెవులు తను చూడలేదన్నాడు. అవ్వ నమ్మలేదు. "చెవులు మంచిగుంటె నా కొడుకు గిట్ల ఎందుకైతడు?" అని ఆయన్నే అడిగింది. వీధిలో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న చోటికి పోవడం మానేసింది. వినబడని దాన్ని, నాతో ఏం ముచ్చట అనేది.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క మాటతో ఆగిపోయేది. మొదటి ఏడు కోపంతో చెప్పలేదు. రెండో ఏడు సిగ్గుతో చెప్పలేదు. ఆ తరువాత ఎలా మొదలుపెట్టాలో తెలియక చెప్పలేదు. ఇంకో నిజం కూడా ఉంది, అదీ రాస్తాను. తప్పు ఆమె చెవులది కాకపోతే నాది కావాలి. డ్రిల్లు అనే మాట మింగింది నేను. ఆట రోజు నిండు మాత్ర మింగింది నేను. తక్కువైనా ప్రమాదమని ఇంట్లో చెప్పనిది నేను. ఆమె మోస్తున్నంతకాలం నాకు బరువు తెలియలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు వేసుకునేవాళ్ళుంటే వాళ్ళు చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పండి. మూట మోస్తారా, నాగలి పడతారా, కుర్చీలో కూర్చుంటారా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెమట పట్టి, వణికి, తిక్కతిక్కగా మాట్లాడుతుంటే పడుకోబెట్టకండి, మింగగలిగితే ముందు తీపి పెట్టండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు ఉరకండి. ఇంట్లో ముసలివాళ్ళకు కూడా కూర్చోబెట్టి చెప్పండి, వాళ్ళకు అర్థమవుతుంది. ఒకవేళ పొరపాటు జరిగి మనిషి బతికి బయటపడితే, ఆ రోజే, ఆ గదిలోనే, ఎవరి తప్పు కాదో వాళ్ళకు చెప్పేయండి.

1986 వానాకాలంలో అవ్వ మంచం పట్టింది. కాళ్ళకు నీరు దిగింది, ఆయాసం. డాక్టరు నన్ను బయటికి పిలిచి ఇక లాభం లేదన్నాడు. ముందు సరోజనకు చెప్పాను. ఆమె, "ఇంత దినం ఎట్ల దాచినవయ్యా? పో, ఇప్పుడన్న చెప్పు" అంది. మర్నాడు పొద్దున అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. మాట ముద్దకాకుండా ఉండాలని రెండు మూడుసార్లు లోపల అనుకుని మొదలుపెట్టాను.

"అవ్వా, ఆనాడు నువ్వు ఇన్నది కరెక్టే. నా నాలుకనె తిరగలే. చక్కెర అనబోయి చక్కర్ అన్న. నీ చెవుల తప్పు లేదని డాక్టరు నాకు దవాఖాననె చెప్పిండు."

అవ్వ ఈసారి మళ్ళీ చెప్పమని అడగలేదు. అంతా మొదటిసారే విన్నది. చెయ్యెత్తి నా చెంప నిమిరింది.

"సచ్చేటోళ్ల ముంగట అందరు మంచి మాటలే చెప్తరు బిడ్డా."

"మంచి మాట కాదవ్వా, నిజం. నీ మీద ఒట్టు."

"ఒట్లు వెట్టకు." ఆమె ఆయాసపడుతూనే అంది. "నిజమైతె ఆనాడే చెప్తుంటివి. నేను గింత ఏడుస్తాంటె ఆరేండ్లు కడుపుల వెట్టుకుని చూస్తవా? నా కొడుకు గసొంటోడు గాడు. నాకు ఎరుక లేదా?"

సరోజన తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసింది. నేను అసొంటోణ్ణే అవ్వా అని అనాలి. నోరు తెరిచాను గాని అనలేకపోయాను. మూడో రోజు అవ్వ పోయింది, తన చెవులను తిట్టుకుంటూ, నన్ను మంచివాణ్ణనుకుంటూ.